చిన్న పిల్లలతో బుద్ధవనం: నల్గొండ నుంచి ఒక్క రోజులో హాయిగా చూసి రావడం ఎలా

నాగార్జునసాగర్ హిల్ కాలనీ దగ్గర, బుద్ధుడి జీవితాన్నీ కథల్నీ శిల్పాల్లో చూపించే పెద్ద పార్కు బుద్ధవనం. దాన్ని తెరిచింది 2022 మేలో. అప్పటి నుంచి మా ఇంటి నుంచి నాలుగు సార్లు వెళ్లాం. మొదటిసారి ఏప్రిల్ నెలలో, అదీ మధ్యాహ్నం పూట వెళ్లాం. పొద్దున డ్యాం చూశాం, లాంచీ కోసం నిలబడ్డాం, బిర్యానీ తిన్నాం, ఆ తర్వాత ఒంటిగంటకు బుద్ధవనంలో అడుగుపెట్టాం. స్తూపం దగ్గర చెప్పులు విప్పగానే చిన్నదాని పాదాలు కాలిపోయాయి. అది ఏడుపు, పెద్దోడికి తలనొప్పి, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. నలభై నిమిషాల్లో బయటికొచ్చేశాం. ఇంటికొచ్చాక ‘ఏం చూశావురా’ అంటే పెద్దోడు ‘ఎండ’ అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది, ఎందుకంటే వాడు చెప్పింది నిజం.

తర్వాతి మూడు సార్లు వేరేగా వెళ్లాం. ఇప్పుడు పిల్లలే ‘మళ్లీ ఎప్పుడు’ అని అడుగుతున్నారు. మూడు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలున్న వాళ్లకు పనికొస్తుందని మేం నేర్చుకున్నదంతా వరుసగా రాస్తున్నాను. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను: పిల్లలతో శిల్పాలు చూడటానికి వెళ్లినప్పుడు నాలుగు శిల్పాలు బాగా చూస్తే చాలు. నలభై చూపించాలని లాక్కుపోతే ఒక్కటీ గుర్తుండదు.

వెళ్లే రోజు, వేళ ముందే ఖాయం చేసుకోండి

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. వానలు తగ్గి, చెట్లు పచ్చగా ఉండి, ఎండ చురుక్కుమనని రోజులు అవే. మార్చి సగం దాటితే మన నల్గొండ ఎండ సంగతి మీకు తెలిసిందే, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ రోజుల్లో పసిపిల్లల్ని రాళ్ల మధ్య తిప్పకండి.

ఆదివారం కంటే మామూలు రోజు మేలు. కుదరకపోతే ఆదివారమే వెళ్లండి కానీ గేటు తీసే వేళకే అక్కడుండండి. దీనికి రద్దీ ఒక్కటే కారణం కాదు. రాయి మీద ఉబ్బెత్తుగా చెక్కిన బొమ్మ పొద్దుటి ఏటవాలు ఎండలోనే బాగా కనిపిస్తుంది. వెలుగు పక్క నుంచి పడినప్పుడు ముక్కు, వేళ్లు, చీర మడతలు అన్నీ నీడ పడి పైకి తేలతాయి. మధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదికొస్తే అదే బొమ్మ చప్పగా అయిపోతుంది, పెద్దవాళ్లకే ఏముందో తెలియదు, ఇక పిల్లలకు ఏం కనిపిస్తుంది? మీకు నమ్మకం లేకపోతే ఒకే బొమ్మను పొద్దున ఒకసారి, పన్నెండింటికి ఒకసారి ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

టికెట్ ధరలు, తెరిచే వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజే పర్యాటక శాఖ వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఒక్క ఫోన్‌తో సగం టెన్షన్ పోతుంది.

వారం ముందు నుంచి రాత్రి కథలు

అసలు పని ఇంట్లోనే మొదలవుతుంది. బుద్ధవనంలో జాతకవనం అని ఒక భాగం ఉంది. బుద్ధుడి పూర్వ జన్మల కథల్లోంచి 40 ఎంచుకొని అక్కడ శిల్పాలుగా చెక్కించారు. పాలీ భాషలో ఉన్న పెద్ద సంకలనంలో ఇలాంటి కథలు 547 ఉన్నాయి. కథ తెలియకుండా బొమ్మ ముందు నిలబెడితే పిల్లలకు అది రాయి మాత్రమే. కథ తెలిసిన పిల్ల అయితే, ఆ కథ బొమ్మ కనపడగానే తనే పరుగెత్తుతుంది.

రోజుకొక కథ, బువ్వ తిన్నాక, లైటు ఆర్పే ముందు చెప్పండి. పుస్తకం చూసి చదవక్కర్లేదు, మీ మాటల్లోనే చెప్పండి. మా ఇంట్లో బాగా పనిచేసినవి ఇవి:

వాగుడు తాబేలు కథ. రెండు హంసలు ఒక పుల్లను చెరో వైపు ముక్కుతో పట్టుకుంటాయి, తాబేలు మధ్యలో నోటితో కరుచుకుంటుంది, నోరు తెరవొద్దని చెప్పినా ఊరుకోక తెరుస్తుంది, కింద పడుతుంది. ఇది మన పిల్లలందరికీ ఏదో ఒక రూపంలో తెలిసిన కథే. బడిలో విన్న కథ బుద్ధుడి కథల్లోనూ ఉందంటే వాళ్లకు భలే గర్వంగా ఉంటుంది.

కుందేలు కథ. ఆకలితో వచ్చిన అతిథికి పెట్టడానికి తన దగ్గర గడ్డి తప్ప ఏమీ లేదని కుందేలు తన ఒంటినే ఇవ్వబోతుంది. మంట దాన్ని కాల్చదు. వచ్చినవాడు ఇంద్రుడు, ఆ త్యాగం లోకానికి గుర్తుండాలని చందమామ మీద కుందేలు బొమ్మ గీస్తాడు. ఈ కథ పున్నమి రోజుల్లో డాబా మీద చెప్పండి. చందమామలో కుందేలు ఉందని అమ్మమ్మలు చెప్పే మాట ఎంత పాతదో అప్పుడు పిల్లలకు పైకి చూస్తేనే అర్థమవుతుంది. మా చిన్నది అప్పటి నుంచి నిండు చందమామ కనపడితే చాలు, చెవులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపిస్తుంది.

కోతుల రాజు కథ. రాజు విలుకాళ్లు చుట్టుముట్టినప్పుడు పెద్ద కోతి నది మీద తన ఒంటినే వంతెనగా చేసి మిగతా కోతుల్ని దాటిస్తుంది. దీన్ని చెప్పేటప్పుడు మీరు మంచానికీ కుర్చీకీ మధ్య వంగండి, పిల్లలు మీ వీపు మీద నుంచి దాటుతారు. నడుము నొప్పి పుడుతుంది కానీ కథ మాత్రం మర్చిపోరు.

జింకల రాజు కథ కూడా చెప్పవచ్చు. కడుపుతో ఉన్న జింక వంతు వచ్చినప్పుడు దాని బదులు తనే వెళ్లి నరికే మొద్దు మీద తల పెట్టిన రాజు కథ అది. ఐదేళ్లు దాటిన పిల్లలకు బాగుంటుంది.

ఒక హెచ్చరిక. జాతక కథలన్నీ పసిపిల్లలకు చెప్పేవి కావు. వెస్సంతర కథలో తండ్రి తన పిల్లల్నే దానమిచ్చేస్తాడు. మా పెద్దోడికి అయిదేళ్లప్పుడు తెలియక చెప్పాను. ఆ రాత్రి వాడు ‘నాన్న నన్ను ఎవరికైనా ఇచ్చేస్తాడా’ అని అడిగాడు, నిద్రపోలేదు. ఆరు దంతాల ఏనుగు కథ కూడా అలాంటిదే, దంతాలు కోసే ఘట్టం ఉంటుంది. ఈ రెండూ ఎనిమిదేళ్లు దాటాక చెప్పండి.

నల్గొండ వాళ్లయితే పానగల్‌లో ఒక సాయంత్రం

ఇది తప్పనిసరి కాదు కానీ చేస్తే చాలా లాభం. ఊరి పక్కనే పానగల్ ఉంది. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు చిన్న చిన్న బొమ్మలుగా చెక్కి ఉన్నాయి, ఆ గుడి ఆవరణలోనే మ్యూజియం ఉంది. అక్కడికి గంట సేపు తీసుకెళ్లి, శిల్పం అంటే ఎలా చూడాలో అలవాటు చేయండి. మీ పిల్లలు ఎంతసేపు ఓపిక పడతారో కూడా మీకు తెలుస్తుంది. మావాళ్ల ఓపిక సరిగ్గా యాభై నిమిషాలు. ఆ లెక్క ప్రకారమే సాగర్ ప్లాన్ వేసుకున్నాం.

దగ్గర్లోనే ఛాయా సోమేశ్వరాలయం. అక్కడ ఒక గర్భగుడిలో శివలింగం వెనక పగలంతా కదలకుండా ఒక నీడ నిలబడుతుంది. బయటి స్తంభాల మీద నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగు వల్ల ఆ నీడ ఏర్పడుతుంది, ఆ స్తంభాల్ని అంత లెక్కగా నిలబెట్టారు. పిల్లలు తమ నీడ ఎందుకు కదులుతోందో, ఇది ఎందుకు కదలట్లేదో అడుగుతారు. ఆ ప్రశ్న అడిగిన పిల్లలు సాగర్‌లో కూడా వెలుగు ఎటు నుంచి పడుతోందో చూస్తారు, నేను కళ్లారా చూశాను.

సంచిలో ఏముండాలి

టోపీలు, తలా ఒక నీళ్ల సీసా, ఒక గొడుగు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, చిన్న పిల్లలకు ఒక జత బట్టలు, తడి చేసుకోవడానికి తుండుగుడ్డ, గాయాలకు అతికించే పట్టీలు. వీటితో పాటు రెండు వస్తువులు మర్చిపోవద్దు.

ఒకటి, మందపాటి సాక్సులు. మొదటిసారి కాలిన పాదాల తర్వాత నేర్చుకున్నది ఇదే. చెప్పులు విప్పాల్సిన చోట సాక్సులతో నడవనివ్వండి. చలికాలంలో కూడా పదకొండు దాటాక రాయి వేడెక్కుతుంది.

రెండోది, తెల్ల కాగితాలు, అట్ట, క్రేయాన్లు. వీటి ఉపయోగం లోపలికి వెళ్లాక చెప్తాను.

పసిపిల్లల తోపుడు బండి తీసుకెళ్లకపోవడమే మంచిది, మెట్లు వచ్చిన ప్రతిచోటా దాన్ని మోయాల్సి వస్తుంది. రెండేళ్ల లోపు వాళ్లను చంకనేసుకొని, అలసిపోతే చేతులు మార్చుకోండి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరు పెద్దలు ఉండాల్సిందే, ఏ పిల్ల ఎవరి బాధ్యతో గేటు బయటే చెప్పుకోండి. ‘నీ దగ్గర ఉందనుకున్నా’ అనే మాట అక్కడ రాకూడదు.

ప్రయాణం

నల్గొండ నుంచి హాలియా, పెద్దవూర మీదుగా అరవై కిలోమీటర్ల పైచిలుకు, చిన్నగా పోయినా గంటన్నర. హైదరాబాద్ వాళ్లకు ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు, పిల్లల కోసం ఆగుతూ వస్తే మూడున్నర గంటలు వేసుకోండి. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి వెళ్లాలనుకోకండి, రాత్రి సాగర్‌లో ఉండి పొద్దున చూసుకొని వెళ్లండి. రాను పోను అంత దూరం కూర్చున్న పిల్లలకు శిల్పాలు చూసే ఓపిక మిగలదు.

కారు లేదని ఆగిపోవద్దు. సాగర్‌కు ఆర్టీసీ బస్సులున్నాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు పెట్టుకొని అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ కూడా తీసుకురండి. కథలు వాళ్లే బాగా చెప్తారు. పొద్దున పిల్లలకు నూనె టిఫిన్ పెట్టకండి, ఇడ్లీ చాలు. వాంతులు చేసుకునే పిల్లలుంటే కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫోన్ చేతికివ్వకండి.

దారిలో సాగర్ నీళ్లు కనపడగానే ఒక చోట క్షేమంగా బండి ఆపి పిల్లలకు ఇది చెప్పండి: ఆ నీళ్ల కింద ఒక పాత ఊరు ఉంది. దాని పేరు విజయపురి. దాదాపు 1,700 ఏళ్ల కింద ఇక్ష్వాకు రాజుల రాజధాని అది. అక్కడ స్తూపాలు, బౌద్ధ భిక్షువులు ఉండే విహారాలు, ఆటలు చూడటానికి మెట్లున్న మైదానం కూడా ఉండేవి. 1955 డిసెంబర్ 10న డ్యాంకు పునాది రాయి వేశారు, ఆ లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాల్ని కొండ మీదికి చేర్చారు. ఆ కొండ శిఖరమే ఇప్పుడు నీళ్ల మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ. ఈ నాలుగు ముక్కలు విన్నాక మా పెద్దోడు నీళ్ల వైపు చూస్తూ ‘అక్కడి పిల్లలు ఎక్కడికి పోయారు’ అన్నాడు. ఆ ప్రశ్నకు నేను రెండు జవాబులు చెప్పాల్సి వచ్చింది: పాత కాలం వాళ్ల గురించి ఒకటి, డ్యాం కట్టినప్పుడు ఊళ్లు వదిలిన వాళ్ల గురించి ఒకటి. తొందరపడకుండా చెప్పండి, పిల్లలు వింటారు.

లోపల: ఏది ముందు, ఏది తర్వాత

బుద్ధవనం 274 ఎకరాలు. అంతా తిరగాలనే ఆలోచన గేటు దగ్గరే వదిలేయండి. టికెట్ తీసుకునేటప్పుడే మూడు విషయాలు అడగండి: టాయిలెట్లు ఎక్కడ, తాగే నీళ్లు ఎక్కడ, తినడానికి ఎక్కడ కూర్చోవచ్చు. అడిగిన వెంటనే పిల్లల్ని ఒకసారి టాయిలెట్‌కు తీసుకెళ్లండి, ‘రావట్లేదు’ అన్నా సరే.

ముందు జాతకవనం. పిల్లల ఒళ్లు, మనసు తాజాగా ఉన్నప్పుడే కథల దగ్గరికి తీసుకెళ్లాలి. ఇక్కడ మీరు చేయాల్సిన పని ఒక్కటే, నోరు మూసుకొని నిలబడటం. ‘అదిగో చూడు, ఇదిగో చూడు’ అనకండి. ‘మనకు తెలిసిన జంతువు ఏదైనా ఉందేమో వెతుకు’ అని వదిలేయండి. వాళ్లు ఒక బొమ్మ దగ్గర ఆగితే మీరూ ఆగండి, వాళ్ల ఎత్తుకు కూర్చోండి. పెద్దవాళ్ల ఎత్తు నుంచి కనిపించేది వేరు, మూడు అడుగుల ఎత్తు నుంచి కనిపించేది వేరు.

రెండోసారి వెళ్లినప్పుడు మా చిన్నది ఒక శిల్పం పీఠం దగ్గర గొంతుక్కూర్చుంది. బొమ్మ వైపు చూడట్లేదు. రాతి అంచున ఎర్ర చీమల బారు పోతోంది, ఒక చీమ తన కంటే పెద్ద గింజను వెనక్కి నడుస్తూ లాగుతోంది. మా ఆయన ‘లేవమ్మా, అక్కడ ఇంకా చాలా ఉన్నాయి’ అన్నారు. నేను ఆగమన్నాను. అది చీమ వెంటే తల జరుపుకుంటూ పోయి, చీమ రాతి బొమ్మ పాదం ఎక్కినప్పుడు పాదం చూసింది, పాదం వేళ్లు లెక్కపెట్టింది, గోళ్లు కూడా చెక్కారని కనిపెట్టింది, అక్కడి నుంచి కాలి కడియం, నడుము, చెయ్యి, చివరికి ముఖం. పది నిమిషాలు పట్టింది. నేను చూపించి ఉంటే ముఖం ఒక్కటే చూసి పక్కకు పోయేది.

నాలుగు అయిదేళ్లు దాటిన పిల్లలకు ఇంకో సంగతి నేర్పండి. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు ఒకే పలకలో కథ మొత్తం చెక్కేవాళ్లు, అంటే ఒకే మనిషి, ఒకే జంతువు ఒకే రాతిలో రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. గీతలు గీసి గళ్లు విడదీసిన బొమ్మల కథ చదివే పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. ‘ఇద్దరు రాజులా, ఒకడేనా’ అని అడిగి చూడండి.

మూడు నాలుగు బొమ్మలు అయ్యాక నీడలో కూర్చోబెట్టి కాగితం, క్రేయాన్లు ఇవ్వండి. నచ్చిన బొమ్మ గీయమనండి. గీయాలంటే మళ్లీ చూడాలి, ఏనుగు తొండం ఎటు వంగిందో అప్పుడు చూస్తారు. బాగా గీశారా లేదా అనేది మనకు అనవసరం. పిల్లలు గీస్తున్నంత సేపూ పెద్దవాళ్లకు విశ్రాంతి కూడా.

తర్వాత బుద్ధచరిత వనం. సిద్ధార్థుడి జీవితంలోని ముఖ్య ఘట్టాలు ఇక్కడ ఉంటాయి. పిల్లలకు పుట్టుక, ఇల్లు విడిచి వెళ్లడం, చెట్టు కింద జ్ఞానం కలగడం, మొదటి ఉపదేశం, చివరికి కన్నుమూయడం అని ఐదు వేళ్ల మీద చెప్పండి, చాలు. దీనికి తోడు గుర్తుల ఆట ఆడించవచ్చు. తొలినాటి శిల్పులు చాలాచోట్ల బుద్ధుడిని మనిషి రూపంలో కాకుండా గుర్తులతో చూపించారు: పుట్టుకకు తామర, ఇల్లు విడవడానికి మీద ఎవరూ లేని గుర్రం, జ్ఞానానికి బోధివృక్షం, ఉపదేశానికి చక్రం, నిర్యాణానికి స్తూపం. ‘చక్రం ఎక్కడెక్కడ ఉందో లెక్కపెట్టు’ అంటే ఏడేళ్ల పిల్లాడు బుద్ధవనం అంతా నడిచేస్తాడు. మావాడు నడిచాడు.

అవుకన బుద్ధుడి దగ్గర తప్పకుండా ఆగండి. శ్రీలంకలో కొండరాయిని నిలువునా తొలిచి చెక్కిన పాత విగ్రహానికి ఇది నకలు, 27 అడుగుల ఎత్తు, శ్రీలంక వాళ్లు కానుకగా ఇచ్చారు. అసలుది ఇంకా పెద్దది, 40 అడుగుల పైన. కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచేత్తో భుజం దగ్గర బట్ట పట్టుకొని నిలబడి ఉంటాడు. పిల్లల్ని అలాగే నిలబడమనండి. పైకెత్తిన అరచెయ్యి మన వైపు ఉండదు, పక్కకు తిరిగి ఉంటుంది. ఇది మామూలుగా చూస్తే తెలియదు, తమ చెయ్యి అలా పెట్టబోయినప్పుడే పిల్లలు కనిపెడతారు. ఆ భంగిమలో ఒక నిమిషం కదలకుండా నిలబడటం ఎంత కష్టమో కూడా తెలుస్తుంది. ఫొటో తీసుకోవాలంటే ఇక్కడ తీసుకోండి.

స్తూపవనంలో భారత్‌లోని, చుట్టుపక్కల దేశాల్లోని స్తూపాల చిన్న నమూనాలు ఉన్నాయి. పిల్లలు అలసిపోతే దీన్ని వదిలేయండి, ఇది పెద్ద పిల్లలకే ఎక్కువ నచ్చుతుంది.

చివర మహాస్తూపం. అమరావతి స్తూపాన్ని దృష్టిలో పెట్టుకొని కట్టారు: 21 మీటర్ల ఎత్తు, 42 మీటర్ల వ్యాసం. ఈ అంకెలు పిల్లలకు ఏమీ చెప్పవు కాబట్టి చుట్టూ నడిపించి అడుగులు లెక్కపెట్టించండి. ఒక్క చుట్టుకు 130 మీటర్ల పైమాటే, చిన్న పిల్లల అడుగులు మూడు వందలు దాటుతాయి. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు నిలబెట్టేవాళ్లు. ఇంతకు ముందు ఐదు వేళ్ల మీద చెప్పుకున్న ఐదు ఘట్టాలకే అవి గుర్తులు అంటారు. పిల్లలు మళ్లీ వేళ్లు తీసి చూసుకుంటారు.

స్తూపం లోపలికి వెళ్లవచ్చు. బుద్ధుడి విగ్రహాల ముందు కళ్లు మూసుకొని కూర్చునే వాళ్లుంటారు, అందుకని బయటే చెప్పండి: లోపల గుసగుసలే, అవి కూడా అవసరమైతేనే. పిల్లవాడు మారాం చేస్తుంటే ఒక పెద్దమనిషి బయటే ఉండి, తర్వాత మారండి. బలవంతంగా నోరు మూయించి లోపల కూర్చోబెట్టడం వాడికీ, ధ్యానం చేసుకునే వాళ్లకీ ఇబ్బందే.

వాళ్లు అడిగేవి

జవాబులు ముందే అనుకొని వెళ్తే తడబడరు. చెవులు ఎందుకంత పొడుగు అంటే, రాకుమారుడిగా ఉన్నప్పుడు బరువైన కుండలాలు పెట్టుకున్నాడు, అవి తీసేసినా చెవులు అలాగే సాగి ఉన్నాయని చెప్తారు. నెత్తి మీద నత్తలా అంటే, అవి ఉంగరాల జుట్టు. పడుకున్న బుద్ధుడిని చూసి నిద్రపోతున్నాడా అంటే ‘ముసలివాడై చనిపోతున్నప్పుడు అలా పడుకున్నాడు’ అని ఉన్నది చెప్పండి. చావు మాట పిల్లల ముందు ఎందుకని మా అత్తమ్మ మొదట దాటేసింది. చిన్నది వదల్లేదు, ‘తాతయ్య లాగానా’ అంది. అవునని చెప్పాం. కాసేపు ఊరుకొని, తర్వాత వెళ్లి ఆ బొమ్మ పక్కన అలాగే చెయ్యి తల కింద పెట్టుకొని పడుకుంది.

దేవుడా, మనిషా అని అడుగుతారు. మనిషిగా పుట్టాడు, చాలా ఆలోచించాడు, అందరికీ చెప్పాడు అనండి. మిగతాది వాళ్లు పెద్దయ్యాక చదువుకుంటారు.

తాకడం, ఎక్కడం

శిల్పం మీద ఎక్కించి ఫొటో తీయడం అస్సలు వద్దు. అక్కడ బోర్డు ఉన్నా లేకపోయినా వద్దు. పదిమంది పిల్లలు ఎక్కితే ఒక చెవి విరుగుతుంది, చేతుల జిడ్డుకు రాయి రంగు మారుతుంది. చేతులు వెనక్కి కట్టుకొని చూడటం ఒక ఆటలా మార్చండి, చేతులు విడిపోయిన వాళ్లు ఔట్. ఈ అలవాటు పానగల్‌లో, అలంపురంలో కూడా పనికొస్తుంది, అక్కడున్నవి వందల ఏళ్ల నాటివి, విరిగితే మళ్లీ రావు. తాకి చూడాలనే కోరిక పిల్లలకు సహజం కాబట్టి ఆ కోరిక కింద పడ్డ రాళ్లతో, ఆకులతో తీర్చండి. ఇంటికెళ్లాక బంకమట్టి కొనిపెడతానని చెప్పండి, చెప్తే తప్పకుండా కొనండి.

తిండి, కోతులు

సాగర్ చుట్టుపక్కల కోతులు ఎక్కువ. చేతిలో ప్లాస్టిక్ కవర్ కనపడితే వచ్చి లాక్కుంటాయి. తిండి అంతా జిప్ ఉన్న బ్యాగులో పెట్టండి, పిల్లల చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి నడిపించకండి. కోతి దగ్గరికొస్తే కళ్లలోకి చూడకుండా, పళ్లు కనపడేలా నవ్వకుండా, పిల్లను ఎత్తుకొని మెల్లగా వెనక్కి జరగండి.

పులిహోర, పెరుగన్నం మేలు, చల్లారినా బాగుంటాయి. చిరుతిండికి మురుకులు, సకినాలు. పళ్లల్లో బత్తాయిలు పెట్టుకోండి, మన జిల్లా పంటే, దాహం తీరుతుంది. ఇంట్లోనే తొనలు ఒలిచి డబ్బాలో వేస్తే చేతులు జిగట కావు. తొక్కలు, కవర్లు మళ్లీ బ్యాగులోకే.

ఎప్పుడు ఆపాలి

పిల్లలు నవ్వుతున్నప్పుడే బయటికి రండి. ఇది నా గట్టి అభిప్రాయం. ఏడుపు మొదలయ్యాక బయలుదేరితే ఆ ఏడుపే గుర్తుంటుంది. రెండున్నర గంటలు, మహా అయితే మూడు. పసిపిల్లలుంటే గంటన్నరే.

‘ఇంత దూరం వచ్చాం కదా’ అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఎత్తిపోతల జలపాతం డ్యాం నుంచి 11 కిలోమీటర్లే, మునిగిన లోయలోని పాత కట్టడాల్ని తెచ్చి మళ్లీ కట్టిన అనుపు కూడా దగ్గరే, లాంచీ ఎక్కితే నాగార్జునకొండ మ్యూజియం. అన్నీ చూడదగ్గవే. కానీ అదే రోజు వద్దు. లాంచీలో వెళ్లి మ్యూజియం చూసి రావడానికే సగం రోజు పోతుంది, దానికి ఇంకో రోజు పెట్టుకోండి, శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు. వానాకాలంలో గేట్లు ఎత్తిన రోజు డ్యాం కోసమే ప్రత్యేకంగా వెళ్లండి, 26 గేట్ల నీళ్ల హోరు పిల్లలు జన్మలో మర్చిపోరు, ఆ రోజు జనం కూడా అంతే ఉంటారు కాబట్టి చెయ్యి వదలకండి. కృష్ణలో స్నానానికి ఎక్కడ పడితే అక్కడ దిగకండి, అక్కడ లోతు పైకి తెలియదు.

ఇంటికొచ్చాక

దారిలో పిల్లలు నిద్రపోతారు, పోనివ్వండి. ‘ఏం చూశావు, ఏం నేర్చుకున్నావు’ అని ఆ రోజే పరీక్ష పెట్టకండి. గీసిన కాగితాలు మర్నాడు గోడకు అతికించండి, తేదీ వెనక రాయండి. బంకమట్టి తడిపి ముందు పెట్టండి. రెండు రోజుల తర్వాత రాత్రి పడుకునేటప్పుడు, ‘ఈసారి కథ నువ్వు చెప్పు’ అనండి.

తప్పులు చెప్పినా దిద్దకండి. మా చిన్నది నాయనమ్మకు తాబేలు కథ చెప్పింది. దాని కథలో హంసలు తాబేలును వదిలెయ్యలేదు, కిందికి దిగి, కాలికి పట్టీ అతికించి, మళ్లీ పుల్ల ఇచ్చి, ఈసారి నోరు మూసుకో అని చెప్పి, సాగర్ దాకా తీసుకెళ్లాయి.